అరికాలి నుంచి రియాక్టర్ దాకా.. ‘ప్లాంత’

స్పానిష్‌లో ‘ప్లాంత’ చాలా మామూలు మాట. నేర్చుకునేవాళ్లకు మొదటి నెలలోనే ఎదురవుతుంది, ‘మొక్క’ అని అర్థం చెప్పుకొని ముందుకు పోతారు. అది తప్పు కాదు. కానీ ఆ మాట అరికాలు కూడా. కర్మాగారం కూడా. మేడలో ఒక అంతస్తు, ఆస్పత్రిలో వార్డు, ఇంటి నక్షా, ఉద్యోగంలో పర్మినెంట్ హోదా.. ఇవన్నీ ఆ ఒక్క నామవాచకంలోనే ఉన్నాయి. కంపెనీ అంటే కర్మాగారమే అని అందరికీ తెలిసిన గడ్డపోతారం లాంటి ఊళ్లో ఈ మాటకున్న అర్థాల్లో సగానికి పైగా కళ్లెదుటే కనిపిస్తాయి. సంగారెడ్డి జిల్లా జిన్నారం వైపు కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి, బొల్లారం పారిశ్రామికవాడల్లో ముడి మందులు తయారై దేశదేశాలకు వెళ్తుంటాయి. మెక్సికో మందుల నియంత్రణ సంస్థ కోఫెప్రిస్‌కో, స్పెయిన్ సంస్థ ఏఈఎంపీఎస్‌కో వెళ్లే కాగితాల్లో ‘ప్లాంత’ లేని పేజీలు తక్కువ. ఆ కాగితం చదివేవాళ్లు ఎక్కడ ఏ అర్థం తీసుకోవాలో తెలుసుకోవడమే అసలు పని.

పలకడం తెలుగువాళ్లకు తేలిక. ఇంగ్లిష్ ‘ప్లాంట్’లోని ‘ట’ ఇక్కడ లేదు. స్పానిష్ ‘త’ పళ్లను తాకే తకారం, అచ్చం ‘తాత’లోని ‘త’. ‘ప’ కూడా ఊపిరి వదలని పకారమే. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు ఈ రెండు ధ్వనుల కోసం కొంతకాలం కుస్తీ పడతారు, తెలుగువాళ్లు పడనక్కర్లేదు. ఊనిక మొదటి అక్షరం మీద ఉంటుంది: ‘ప్లాం’ బరువు, ‘త’ తేలిక.

ఇబ్బంది లింగంతో వస్తుంది. తెలుగులో మొక్కా, మేడా, కంపెనీ అన్నీ అమహత్తులే, ‘అది’ అంటే సరిపోతుంది. స్పానిష్‌లో ప్రాణం లేని వస్తువుకూ స్త్రీలింగమో పుంలింగమో ఉండి తీరాలి. ప్లాంత స్త్రీలింగం. అందుకే ‘లా ప్లాంత’, బహువచనంలో ‘లాస్ ప్లాంతస్’. పక్కన చేరే విశేషణం కూడా దాని వెంటే మారుతుంది. కొత్తది అని చెప్పాలంటే ‘న్వేవో’ కాదు, ‘న్వేవ’. అయితే ‘ప్లాంత పిలోతో’ దగ్గర ఈ సూత్రం పనిచేయదు. పైలట్ ప్లాంట్ అని చెప్పే ఈ మాటలో ‘పిలోతో’ విశేషణం కాదు, పక్కన నిలబెట్టిన మరో నామవాచకం. కాబట్టి అది ‘పిలోత’ కాదు, బహువచనంలోనూ సాధారణంగా ‘ప్లాంతస్ పిలోతో’ అనే రాస్తారు.

కాలికింద మొదలైన మాట

స్పెయిన్ రాజభాషా అకాడమీ 1713లో ఏర్పడింది. 1726 నుంచి 1739 వరకు ఆరు సంపుటాల్లో తన తొలి నిఘంటువు వేసింది. ఇప్పటి అకాడమీ నిఘంటువు తెరిస్తే ప్లాంత దగ్గర ముందు కనిపించేది మొక్క కాదు, పాదం అడుగుభాగం. లాటిన్‌లోనూ ఈ మాటకు అరికాలు, నాటే మొలక అనే రెండు అర్థాలూ ఉన్నాయి. మొలకను నేలలో పెట్టి చుట్టూ మట్టిని అరికాలితో అదమడం దగ్గర ఈ రెండూ కలిశాయన్నది భాషా చరిత్రకారులు చెప్పే ఊహ. అది నిజమే అయినా కాకపోయినా గుర్తుపెట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది: నేలకు ఆనుకున్నది, నేలలో దిగినది, నేల మీద పరిచినది, నేల మీద నిలబెట్టినది. ప్లాంత అర్థాలన్నీ ఈ నాలుగింటిలో ఎక్కడో ఒకచోట కుదురుకుంటాయి.

అరికాలు అర్థంలో వాడినప్పుడు సాధారణంగా పాదాన్ని కూడా చెబుతారు: ‘లా ప్లాంత దెల్ ప్యే’, అంటే పాదపు అడుగు. తెలుగు పత్రికల్లో ఆరోగ్య పేజీలు చదివేవాళ్లకు ఈ అర్థం మారువేషంలో తెలిసిందే. గంటల తరబడి నిలబడి పనిచేసేవాళ్లకు వచ్చే మడమ నొప్పిని డాక్టర్లు ‘ప్లాంటార్ ఫేషియైటిస్’ అంటారు. ఆ ‘ప్లాంటార్’ మొక్కకు సంబంధించింది కాదు, అరికాలికి సంబంధించింది. స్పానిష్‌లో దాన్ని ‘ఫాసితిస్ ప్లంతార్’ అంటారు. బరువైన సేఫ్టీ షూ వేసుకుని షిఫ్ట్ మొత్తం నిలబడే ఆపరేటర్లకు ఈ నొప్పి పేరు వివరించనక్కర్లేదు.

మొక్కగా

నిత్య వాడుకలో ఎక్కువగా వినిపించే అర్థం మొక్కే. కుండీలో పెంచేది ‘ప్లాంత’, ఔషధ మొక్క ‘ప్లాంత మెదిసినాల్’. శాస్త్ర పుస్తకంలో మర్రిచెట్టు కూడా ప్లాంతే, ఎందుకంటే అక్కడ అది వృక్షజాతి మొత్తానికి పేరు. ఇంట్లో మాట్లాడేటప్పుడు మాత్రం పెద్ద చెట్టు ‘ఆర్బోల్’. తెలుగులోనూ ఈ గీత ఊరిని బట్టి జరుగుతుంది. తెలంగాణ పల్లెల్లో మిరప, వంగ కూడా చెట్లే, పుస్తకాల భాషలో అవి మొక్కలు.

ఈ అర్థానికి పటాన్‌చెరులో మంచి చిరునామా ఉంది. 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ అక్కడే జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద పరిశోధన చేస్తోంది. దాని జన్యు నిధిలో లక్షకు పైగా విత్తన నమూనాలున్నాయి. వీటిలో వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. దాన్ని మెక్సికోలో ‘కకవాతె’ అంటారు, స్పెయిన్‌లో ‘కకవేతె’, దక్షిణ అమెరికాలో చాలాచోట్ల ‘మనీ’. ఇంత రకరకాలుగా పిలిచినా అది పెరిగే మొక్క మాత్రం అంతటా ప్లాంతే. ఇక్రిశాట్ ప్రాంగణంలోనే సిమిట్ అనే సోదర సంస్థకు కార్యాలయం ఉంది. ఆ సంస్థ కేంద్రం మెక్సికోలో, పని మొక్కజొన్న, గోధుమల మీద. దాని పేరులోని పొడి అక్షరాలు ఇంగ్లిష్‌వి అనుకుంటారు చాలామంది. కావు, అవి స్పానిష్ పేరుకు పొట్టి రూపం: సెంత్రో ఇంతెర్నస్యొనాల్ దె మెహొరామ్యెంతో దె మయీస్ ఇ త్రీగో. ‘మయీస్’ మొక్కజొన్న, ‘త్రీగో’ గోధుమ.

మొక్క నుంచి కర్మాగారానికి ఈ మాట ఎలా నడిచిందో ఒక మెక్సికో కథలో బాగా కనిపిస్తుంది. అక్కడి అడవుల్లో బర్బాస్కో అనే తీగ ఉంది, మన పెండలం కుటుంబానిదే. ఈ జాతి అడవి దుంపల్లోని డయోస్జెనిన్ నుంచి హార్మోన్లు తయారుచేయవచ్చని అమెరికా రసాయన శాస్త్రవేత్త రసెల్ మార్కర్ 1940ల్లో చూపించాడు. ఆ పునాది మీద 1944లో మెక్సికో నగరంలో సింటెక్స్ కంపెనీ పుట్టింది. 1951 అక్టోబర్‌లో అక్కడి ప్రయోగశాలలో లూయిస్ మిరామోంతెస్ అనే యువ కెమిస్ట్, కార్ల్ జెరాసీ, జార్జ్ రోజెన్‌క్రాంజ్‌ల బృందంలో పనిచేస్తూ నోరెథిస్టెరాన్ తయారుచేశాడు. గర్భనిరోధక మాత్రల్లో వాడే తొలి హార్మోన్లలో అదొకటి. నొప్పులకు వాడే నాప్రోక్సెన్ కూడా సింటెక్స్ మందే. 1994లో సింటెక్స్‌ను రోష్ కొన్నది.

ఆ తరువాత కథలోకి హైదరాబాద్ వచ్చింది. 1984లో కల్లం అంజిరెడ్డి స్థాపించిన డాక్టర్ రెడ్డీస్‌కు గడ్డపోతారం పొరుగున ఉన్న బొల్లారంలోనే ముడి మందుల యూనిట్లున్నాయి. ఆ కంపెనీ 2005లో మెక్సికోలోని క్వెర్నవాకా దగ్గర రోష్‌కున్న ముడి మందుల కర్మాగారాన్ని దాదాపు 5.9 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. నాప్రోక్సెన్, స్టెరాయిడ్ల తయారీ దానితోపాటు వచ్చింది. అడవిలోని ప్లాంత నుంచి పుట్టిన పరిశ్రమకు వారసత్వంగా నిలిచిన ప్లాంత అలా తెలుగువాళ్ల చేతికి వచ్చింది. నాప్రోక్సెన్ తయారీలో ఇప్పుడు ప్రపంచంలో ముందు వరుసలో ఉన్నది మరో తెలుగు కంపెనీ దివీస్ అన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

కంపెనీగా

కర్మాగారానికి స్పానిష్‌లో పాత మాట ‘ఫాబ్రిక’. ఇంగ్లిష్ మీదుగా స్పానిష్ నేర్చుకునేవాళ్లు దాన్ని చూసి బట్ట అనుకుంటారు. బట్టకు స్పానిష్ మాట ‘తేల’. ఫాబ్రిక అంటే వస్తువులు తయారయ్యే చోటు. ప్లాంత అంటే ఇంకాస్త విశాలం: యంత్రాలు, పైపులు, ట్యాంకులు, కరెంటు, నీరు అన్నీ అమర్చి నిలబెట్టిన మొత్తం వ్యవస్థ. సబ్బుల ఫ్యాక్టరీని ఏదన్నా చెల్లుతుంది. నీటిని శుద్ధిచేసే చోటును మాత్రం ఫాబ్రిక అనరు, అక్కడ తయారయ్యేది ఏమీ లేదు కాబట్టి. అది ‘ప్లాంత దె త్రతామ్యెంతో’.

ఈ చివరి మాట పటాన్‌చెరు బెల్టుకు బాగా దగ్గరిది. 1994లో మొదలైన పటాన్‌చెరు ఎన్విరోటెక్ అనేక కంపెనీల వ్యర్థ జలాలను ఒకేచోట శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం. శుద్ధిచేసిన నీటిని అంబర్‌పేట వైపు మోసుకుపోవడానికి 18 కిలోమీటర్ల పైపులైను వేశారు. ఈ ప్రాంతపు చెరువుల కాలుష్యం మీద సుప్రీంకోర్టులో 1990లో వేసిన వ్యాజ్యం విచారణ నుంచి తరువాతి పరిశోధనా పత్రాల దాకా ఈ కేంద్రం పేరు వస్తూనే ఉంది. ఇలాంటి కేంద్రాన్ని లాటిన్ అమెరికా ఇంజినీర్లు ‘ప్తార్’ అనే పొట్టి పేరుతో పిలుస్తారు: ప్లాంత దె త్రతామ్యెంతో దె అగ్వాస్ రెసిద్వాలెస్. మనవాళ్లు ఈటీపీ అన్నంత సహజంగా వాళ్లు అది అంటారు.

కంపెనీ అర్థంలో ప్లాంత చుట్టూ కొన్ని జంట పదాలు పాతుకుపోయాయి. ‘హెఫె దె ప్లాంత’ ప్లాంట్ హెడ్, ‘విసీత ఆ ప్లాంత’ కర్మాగార సందర్శన. కరెంటు దగ్గరకు వచ్చేసరికి దేశాలు విడిపోతాయి. అణు విద్యుత్ కేంద్రాన్ని స్పెయిన్‌లో ‘సెంత్రాల్’ అంటారు, లాటిన్ అమెరికాలో ‘ప్లాంత’ అని కూడా అంటారు. అంతకంటే మోసం చేసేది ‘ప్లాంత దె లూస్’. ‘లూస్’ అంటే వెలుతురు కాబట్టి ఇదేదో విద్యుత్ కేంద్రం అనిపిస్తుంది. మెక్సికోలో దాని అర్థం కరెంటు పోయినప్పుడు నడిపే జనరేటర్. గడ్డపోతారంలో ఏ కంపెనీ గోడ పక్కన విన్నా గుర్రుమనే డీజీ సెట్టు అన్నమాట.

అంతస్తుగా

స్పెయిన్‌లో లిఫ్ట్ ఎక్కితే కిందనున్న బొత్తాం మీద తరచూ ‘పీబీ’ అని ఉంటుంది. ‘ప్లాంత బాహ’, కింది అంతస్తు, మన గ్రౌండ్ ఫ్లోర్. దానిపైది ‘ప్రిమేర ప్లాంత’, అదే మన ఫస్ట్ ఫ్లోర్. రెండు అంతస్తుల ఇంట్లో పైభాగాన్ని మెక్సికోలో ‘ప్లాంత ఆల్త’ అంటారు. కొలంబియా, పెరూ, చిలీల్లో ఈ లెక్క వేరు. అక్కడ అంతస్తుకు ‘పీసో’ అంటారు, పైగా ‘ప్రిమేర్ పీసో’ అంటే గ్రౌండ్ ఫ్లోరే. అదే ‘పీసో’ స్పెయిన్‌లో అపార్ట్‌మెంట్ ఫ్లాట్. మాట ఏ దేశం నుంచి వచ్చిందో చూడకుండా అంతస్తు లెక్కపెడితే ఒక మెట్టు తేడా వస్తుంది.

ముడి మందుల బ్లాకులో ఈ తేడా చిన్న విషయం కాదు. అక్కడ పని పైనుంచి కిందికి జారుతుంది. పై ఫ్లోర్‌లో ముడి సరుకు రియాక్టర్‌లోకి వేస్తారు. చర్య పూర్తయ్యాక ద్రవం కిందనున్న సెంట్రిఫ్యూజ్‌లోకి దిగుతుంది. అక్కడ తడి పొడి విడిపోయి డ్రయ్యర్‌కు పోతుంది, మిగిలిన మదర్ లిక్కర్ (ఎంఎల్) ట్యాంకుకు పోతుంది. ఏ యంత్రం ఏ ఫ్లోర్‌లో ఉందో నక్షాలో తప్పు పడితే ప్రక్రియ మొత్తం తలకిందులుగా కనిపిస్తుంది. అలాంటి బ్లాకు గురించి స్పానిష్‌లో ఇలా రాయవచ్చు: ‘లా ప్లాంత త్యేనె త్రేస్ ప్లాంతస్’. కర్మాగారానికి మూడు అంతస్తులున్నాయి అని అర్థం. మూడు మొక్కలున్నాయి అని చదివినా వ్యాకరణం అడ్డు చెప్పదు, ఇంగితం చెబుతుంది. మంచి రచయిత మాత్రం ఇలా రాయడు. మొదటిదాన్ని ‘ఫాబ్రిక’ అనో, రెండోదాన్ని ‘పీసోస్’ అనో మార్చేస్తాడు.

నక్షా అర్థం ఇక్కడి నుంచే వచ్చింది. కట్టడాన్ని అడ్డంగా కోసి పైనుంచి చూస్తే నేల మీద కనిపించే ఆకృతి కూడా ప్లాంతే. శిలువ ఆకారంలో కట్టిన చర్చిని ‘ప్లాంత దె క్రూస్ లతీన’ గల చర్చి అని కళా చరిత్రలో రాస్తారు. దీనికి కొనసాగింపే ‘దె న్వేవ ప్లాంత’: పాతదానికి మరమ్మతు చేయకుండా పునాది నుంచి కొత్తగా కట్టినది. స్పెయిన్ చరిత్రలో ఈ మాటకు చేదు జ్ఞాపకం ఉంది. అయిదో ఫిలిప్ రాజు 1707 నుంచి 1716 వరకు ‘న్వేవ ప్లాంత’ శాసనాలు జారీచేసి వలెన్సియా, అరగాన్, మయోర్క, కతలోనియాల సొంత పాలనా వ్యవస్థలను రద్దుచేశాడు. అక్కడ ప్లాంత భవనం కాదు, ప్రభుత్వ నిర్మాణం.

ఆస్పత్రిలో అంతస్తు ఇంకో మలుపు తిరిగింది. స్పెయిన్‌లో ఐసీయూలో ఉన్న రోగి ‘ఆ ప్లాంత’ వెళ్లాడంటే కోలుకుంటున్నాడని, మామూలు వార్డుకు మార్చారని బంధువులు ఊపిరి పీల్చుకుంటారు. ఇక్కడ వ్యాకరణపరంగా చూడాల్సింది ఒకటే: ముందు ‘లా’ లేదు. అది చేరితే ఏదో ఒక ఫలానా అంతస్తు, లేకపోతే వార్డు.

పర్మినెంట్‌గా

పారిశ్రామికవాడలో ఎవరికైనా ఎక్కువ విలువైన అర్థం బహుశా ఇదే. ఒకే గేటులోంచి లోపలికి పోయే ఇద్దరిలో ఒకరు కంపెనీ మనిషి, ఇంకొకరు కాంట్రాక్టరు మనిషి. పని ఒకటే కావచ్చు, జీతం, సెలవు, బోనస్ ఒకటి కావు. మెక్సికోలో ఈ మొదటి మనిషి ‘త్రబహదోర్ దె ప్లాంత’. అక్కడి సమాఖ్య కార్మిక చట్టంలోనే ఈ మాట ఉంది. అర్జెంటీనా ప్రభుత్వ కార్యాలయాల్లో ‘ప్లాంత పెర్మనెంతె’ స్థిర ఉద్యోగుల వర్గం, ‘ప్లాంత త్రన్సితోర్య’ తాత్కాలికుల వర్గం. నేల మీద నిలబెట్టిన వ్యవస్థ అన్న భావం ఇక్కడ మనుషుల జాబితాకు పాకింది.

ఇక్కడే ఒక చిక్కుంది. ‘హెఫె దె ప్లాంత’లో ప్లాంత కర్మాగారం. ‘మేదికో దె ప్లాంత’ అంటే మెక్సికోలో ఆస్పత్రి పర్మినెంట్ డాక్టరు, స్పెయిన్‌లో వార్డు డాక్టరు. అదే ‘దె’, అదే ‘ప్లాంత’. కాబట్టి విభక్తిని చూసి అర్థం చెప్పే చిట్కా సగం దూరమే తీసుకెళ్తుంది. ముందున్న మాట పదవా, వృత్తా, యంత్రమా అన్నది రెండో ఆనవాలు, ఏ దేశపు కాగితం అన్నది మూడోది. అర్థాల పట్టిక బట్టీపట్టినవాళ్లు అర్థాలన్నీ అప్పజెప్పి ఇక్కడ బోల్తా పడతారు. జంట మాటలుగా నేర్చుకున్నవాళ్లు పడరు. హైదరాబాద్‌లో 1958లో మొదలై 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూలో స్పానిష్ చదువు ఉంది, ఢిల్లీలో సెర్వాంతెస్ సంస్థ 2009 నుంచి నడుస్తోంది. ఎక్కడ నేర్చుకున్నా నోటుబుక్కులో ‘ప్లాంత - మొక్క’ అని ఒక్క గీతలో రాసుకోవడం కంటే ‘ప్లాంత బాహ’, ‘ప్లాంత పిలోతో’, ‘దె ప్లాంత’ అని విడివిడిగా రాసుకుంటే పనికొస్తుంది.

దాయాదులు

మనిషి నిలువు తీరు కూడా ప్లాంతే. ‘బ్వేన ప్లాంత’ ఉన్నవాడు చూడ్డానికి నిండుగా, హుందాగా ఉంటాడని. ‘ప్లంతార్’ క్రియ: నాటడం. ‘ప్లంతార్సె’ అంటే కాలు నాటుకుని కదలనని మొండికేయడం. ‘దెహార్ ప్లంతాదో’ అంటే వస్తానని చెప్పి రాకుండా ఎదుటివాణ్ని నాటేసినట్టు నిలబెట్టడం. అలా పడిగాపులు కాయడానికి నామవాచకం ‘ప్లంతోన్’. మెక్సికోలో అదే మాటకు బైఠాయింపు అని కూడా అర్థం. 2006 అధ్యక్ష ఎన్నికల ఫలితాన్ని ఒప్పుకోని అభ్యర్థి లోపెస్ ఒబ్రదోర్ అనుచరులు రాజధానిలోని రెఫోర్మ మార్గంలో వారాల తరబడి చేసింది ప్లంతోనే. కంపెనీ గేటు ముందు టెంటు వేసి కూర్చునే ధర్నాకు ఇంతకంటే సరైన స్పానిష్ మాట దొరకదు.

పోలికతో మోసగించే పరాయి మాటలు కొన్ని ఉన్నాయి. ‘ప్లాత’ వెండి, లాటిన్ అమెరికాలో డబ్బు కూడా. ఒక్క ‘న’ జారితే కర్మాగారం కాస్తా డబ్బైపోతుంది. ‘యాంత’ మెక్సికోలో టైరు. ‘ప్లాతనో’ అరటి, దీనికీ ప్లాంతకూ చుట్టరికం లేదు.

నిజమైన సంతానం ‘ప్లంతీయ’. ప్లాంతకు చివర చిన్నతనాన్ని చెప్పే ప్రత్యయం చేరి పుట్టింది. బూటు లోపల అరికాలి కింద వేసుకునే పల్చటి అట్ట ప్లంతీయ. ఒకే ఆకారంలో ఎన్నో కత్తిరించడానికి పెట్టుకునే నమూనా ప్లంతీయ, కంప్యూటర్‌లో వాడే టెంప్లేట్ కూడా. స్పెయిన్‌లో ఒక సంస్థ ఉద్యోగుల మొత్తం పట్టీ, ఫుట్‌బాల్ జట్టు ఆటగాళ్ల జాబితా కూడా ప్లంతీయే. చెప్పుల దుకాణంలో అడిగితే అట్ట ఇస్తారు, డిజైనర్‌ను అడిగితే ఫైలు పంపుతాడు, హెచ్‌ఆర్ వాళ్లను అడిగితే ఎంతమంది ఉద్యోగులున్నారో చెబుతారు.